మైగ్రేన్ బెల్ మోగుతోందా?

ఉదయం టిఫిన్ మానేసి బాటసింగారంలో బస్సెక్కారు. ఎల్బీనగర్ చేరేదాకా ఎండ నేరుగా ముఖం మీదే. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, పరుగున వెళ్లి ఆన్‌లైన్ టెస్టుకు కూర్చున్నారు. అరగంట గడిచిందో లేదో ఎడమ కణత దగ్గర దబదబా కొట్టుకుంటున్నట్టు నొప్పి. స్క్రీన్ వెలుతురు కళ్లలో గుచ్చుతోంది. కడుపులో తిప్పుతోంది. ప్రశ్న కనిపిస్తోంది, బుర్రకు మాత్రం ఎక్కడం లేదు.

ఇది మీకూ జరిగి ఉండొచ్చు. నాకైతే ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో అచ్చం ఇలాగే ఓ కంపెనీ రాతపరీక్ష పోయింది. ‘టెన్షన్ పడ్డావ్‌రా, అంతే’ అన్నారు ఫ్రెండ్స్. నేనూ నమ్మేశాను. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలతో ఆర్నెల్లు నెట్టుకొచ్చాను. రోజు విడిచి రోజు మాత్ర వేసుకునే స్థితికి వచ్చాకే డాక్టర్ దగ్గరకెళ్లాను. అప్పుడు తెలిసింది, అది మైగ్రేన్ అని. మన పెద్దవాళ్లు పార్శ్వపు నొప్పి అనేది దీన్నే. ధైర్యం లేకపోవడం వల్ల వచ్చేది కాదిది. కణానికీ కణానికీ మధ్య నడిచే సిగ్నల్ వ్యవహారం. ఆ సిగ్నల్ అర్థమైతే మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఎక్కడ ఆగాలో కూడా అర్థమవుతుంది.

లోపల ఏం జరుగుతుంది?

ముఖం నుంచి, మెదడును కప్పి ఉండే పొరల నుంచి నొప్పి సమాచారం మోసుకెళ్లేది ట్రైజెమినల్ నాడి. మైగ్రేన్ వచ్చినప్పుడు ఈ నాడి కొసల నుంచి సీజీఆర్‌పీ అనే పదార్థం విడుదలవుతుంది. 37 అమైనో ఆమ్లాలున్న చిన్న గొలుసు ఇది. రక్తనాళాల మీద, కొన్ని నాడీకణాల మీద దీన్ని అందుకునే రిసెప్టార్లు ఉంటాయి.

ఇంటి కాలింగ్ బెల్‌ను ఊహించుకోండి. సీజీఆర్‌పీ బయట నిలబడి స్విచ్ నొక్కే వేలు. రిసెప్టార్ ఆ స్విచ్. నొక్కగానే లోపల మోగే గంట సైక్లిక్ ఏఎంపీ. గంట మోగితే రక్తనాళం గోడలోని కండర కణాలు వదులై నాళం వెడల్పవుతుంది. నొప్పిని మోసే వ్యవస్థ మొత్తం మరీ సున్నితంగా తయారవుతుంది. దాడి ముదిరితే కొందరికి తల దువ్వుకున్నా నొప్పే.

ఈ సైక్లిక్ ఏఎంపీని కణం ఏటీపీతో తయారు చేసుకుంటుంది. ఇక్కడ మన తెలుగాయన్ని తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుక్కున్నారు.

రుజువేంటి అంటారా? మైగ్రేన్ దాడి సమయంలో మెడ నరం నుంచి తీసిన రక్తంలో సీజీఆర్‌పీ పెరిగి ఉందని 1990లో పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్సన్ చూపించారు. లోపలి గంట సంగతి కోపెన్‌హాగెన్ పరిశోధకులు తేల్చారు. సైక్లిక్ ఏఎంపీ విరిగిపోకుండా ఆపే సిలోస్టజోల్ అనే మందు ఇస్తే, మైగ్రేన్ ఉన్నవాళ్లలో చాలామందికి దాడి మొదలైంది. ఈ దారిలో పనిచేసిన గోడ్స్‌బీ, ఎడ్విన్సన్, మైకేల్ మోస్కోవిట్జ్, జెస్ ఓలెసెన్‌లకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ దక్కింది.

బెల్ ఆపే మార్గాలు

సుమాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్ మందులు నాడి కొస దగ్గరే సీజీఆర్‌పీ విడుదలను తగ్గిస్తాయి. అంటే వేలు స్విచ్ దాకా రాకుండా చూస్తాయి. ఇవి రక్తనాళాలను కుదిస్తాయి కాబట్టి గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వరు. ఫ్రెమనెజుమాబ్ అనే యాంటీబాడీ ఇంజెక్షన్ ఆ వేలినే పట్టేసుకుంటుంది. 2018 మేలో అమెరికా అనుమతి పొందిన ఎరెనుమాబ్ స్విచ్‌నే కప్పేస్తుంది. రిమెజెపాంట్ లాంటి మాత్రలదీ అదే పద్ధతి. మీకేది సరిపోతుందో న్యూరాలజిస్టే చెప్పాలి.

మందు లేని దారి కూడా ఒకటుంది. మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2023లో నెరివియో అనే పరికరాన్ని దేశంలో విడుదల చేసింది. భుజం కింద, పైచేతికి కట్టుకుని ఫోన్ యాప్‌తో 45 నిమిషాలు నడపాలి. చేతి నరాలకు అందే కరెంటు సంకేతం, నొప్పిని అణచుకునే మెదడు సొంత వ్యవస్థను తట్టిలేపుతుంది. తయారీదారు ఇజ్రాయెల్ సంస్థ థెరానికా.

ఈసీఈ, సీఎస్ఈ ఫ్రెండ్స్ ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఫార్మా అంటే బీఫార్మసీ వాళ్లకే అనుకుంటాం. ఇలాంటి పరికరంలో సర్క్యూట్ ఉంది, బ్లూటూత్ ఉంది, యాప్ ఉంది, డేటా ఉంది. జాబ్ వెతికేటప్పుడు మెడికల్ డివైస్ కంపెనీలను కూడా లిస్టులో చేర్చండి. సిగ్నల్స్ సబ్జెక్టుతో పాటు శరీరంలో సిగ్నల్ ఎలా నడుస్తుందో నాలుగు ముక్కలు తెలిస్తే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి విషయం ఉంటుంది.

పరీక్షల సీజన్‌లో ఇవి మరవొద్దు

- డాక్టర్ రాసిచ్చిన మాత్రను దాడి మొదట్లోనే వేసుకోవాలి. మైగ్రేన్‌లో పొట్ట కదలిక మందగిస్తుంది. ఆలస్యం చేస్తే మందు సరిగ్గా పనిచేయదు.
- మాత్రలు లెక్కపెట్టుకోండి. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, ట్రిప్టాన్లు 10 రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మందుల వల్లే తలనొప్పి వస్తుంది. నాకు జరిగింది ఇదే.
- పస్తుండటం, నిద్ర మానడం చాలామందిలో దాడికి కారణమవుతాయి. టెస్టు రోజు టిఫిన్ మానొద్దు. రాత్రంతా మేలుకుని చదవొద్దు.
- ఫోన్ నోట్స్‌లో తేదీ, నిద్ర, తిండి, వేసుకున్న మాత్ర రాయండి. డాక్టర్‌కు అదే పెద్ద క్లూ.
- ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చెయ్యి కాలు పట్టు తప్పడం, మాట తడబడటం, తలకు దెబ్బ తగిలాక నొప్పి.. వీటిలో ఏది కనిపించినా మాత్ర కోసం వెతక్కండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

నాకు మైగ్రేన్ పూర్తిగా పోలేదు. ఇప్పటికీ నెలకు ఒకటి రెండుసార్లు పలకరిస్తుంది. కానీ ఇప్పుడు టిఫిన్ మానను, మాత్రల లెక్క తప్పను. ఆ టెస్టు పోయిన తర్వాత రాసినవేవీ తలనొప్పి వల్ల పోలేదు. మీ పక్క సీటులో ఎవరైనా తల పట్టుకుని కూర్చుంటే ‘టెన్షన్ పడకు’ అనకండి. లైటు తగ్గించి, మంచినీళ్లిచ్చి, ‘డాక్టర్‌కు చూపించావా?’ అని అడగండి. నన్ను ఆ మాట ఆర్నెల్ల ముందే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.