స్టీరింగు ఎందుకు బిగుసుకుంది?

బురదలో చక్కగా నడిచిన ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ బండి తారురోడ్డెక్కి మలుపు తిరగబోయేసరికి స్టీరింగు బిగుసుకుపోయింది. మలుపులో ఇది ప్రాణాపాయం. లోపం ఎక్కడుంది? ఒక్కొక్క కారణాన్నే పరీక్షిద్దాం.

ముందుగా లీవరు చూడండి. బండి ఇంకా ఫోర్ వీల్‌లోనే ఉన్నదా? అయితే ఒక లెక్క చేయండి. రెండు ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు, వెనుక ఇరుసు మధ్యబిందువు తిరిగే వృత్తానికి వ్యాసార్ధం 5 మీటర్లు అనుకుందాం. ముందు ఇరుసు వ్యాసార్ధం కర్ణమవుతుంది. 25 + 9 = 34; దీని వర్గమూలం సుమారు 5.83. అంటే ఒక పూర్తి చుట్టులో ముందు ఇరుసు 5 మీటర్లకు పైగా ఎక్కువ దూరం పోవాలి! కాని చాలా పికప్‌లలో ఫోర్ వీల్ వేస్తే రెండు ఇరుసులకూ ఒకే వేగం అందుతుంది. బురదలో చక్రాలు జారి సర్దుకుంటాయి. పొడి రోడ్డుపై ఘర్షణ జారనివ్వదు. టూ వీల్‌లోకి మార్చగానే స్టీరింగు తేలికైతే బండికి జబ్బు లేనట్లే.

తేలిక కాలేదా? ముందు టైర్లలో గాలి, పవర్ స్టీరింగు ఆయిలు, పంపు బెల్టు చూడాలి. అవి బాగుంటే మెకానిక్ ముందు చక్రాలను జాకీతో లేపి స్టీరింగు తిప్పుతాడు. తేలికగా తిరిగితే పంపును అనుమానించాలి. ఇంకా పట్టేస్తుంటే చక్రాలకు పోయే రాడ్లను విడదీస్తాడు. అప్పుడు తేలికైతే లోపం చక్రాల వైపు జాయింట్లలో ఉంది. కాకపోతే స్టీరింగు బాక్సులోనో, దాని షాఫ్టులోనో ఉంది.

మీ టార్చిలైటు వెలగనప్పుడు బ్యాటరీ, బల్బు, స్విచ్చి - వీటిని ఇలాగే వరుసగా పరీక్షించి చూడండి.