మా పెరటి కార్ఖానా

"కూతురింట్లో ఎన్నాళ్ళని ఉంటానమ్మా?"

మా ఇంటికొచ్చిన కొత్తల్లో నాన్నగారు రోజుకొక్కసారైనా ఈ మాట అనేవారు. "ఇదీ మీ ఇల్లే కదా నాన్నా" అనడం నాకు తేలికే. ఆ మాట ఆయన నమ్మొద్దూ?

2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన వాన మీకందరికీ గుర్తుండే ఉంటుంది. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ చుట్టుపక్కలంతా రోజుల తరబడి నీళ్ళలో నానింది. ఆ బుడమేరు పుట్టేది మా మైలవరం వైపు కొండల్లోనే. ఆ వానకే జి.కొండూరు దగ్గరి పల్లెలో మా పుట్టింటి పెంకుటిల్లు నాని, రెండు మట్టి గోడలు జారిపోయాయి. అమ్మ పోయాక అక్కడ ఒంటరిగా ఉంటున్న నాన్నగారిని మావారు వెళ్ళి తీసుకొచ్చారు. ఆయనతోపాటు వచ్చింది ఒక బట్టల సంచీ, ఒక కొయ్యపెట్టె. అంతే!

ఆ పెట్టెలో ఏముందనుకున్నారు? ఉలులు, బాడిస, చిత్రిక, రంపాలు, బరమా, మూలమట్టం. నాన్నగారు హైస్కూల్లో క్రాఫ్టు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. అంతకు ముందేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. పెట్టె మంచం కింద పెట్టుకుని, గోడ వంక చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు ఊడుస్తూ పెట్టె జరిపితే మూత తెరుచుకుంది. ఉలులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. "ఇంకెందుకులే, పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చెయ్యి" అన్నారు.

ఆ రాత్రి మావారితో చెప్పాను. "పెరట్లో నాన్నగారికి ఒక షెడ్డు వేద్దామండీ."

మేస్త్రీ వచ్చి పన్నెండడుగులకి పది అడుగుల షెడ్డుకి, అన్నీ కొత్తవి కొంటే, లక్ష పైమాటే అన్నాడు. లక్ష మాట వినగానే మావారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు తట్టింది... కూలిన ఇల్లు ఉందిగా!

తీరా వెళితే అన్నయ్య అప్పటికే ఇంటి కొట్టివేత కాంట్రాక్టుకి ఇచ్చేశాడు. కలపంతా కాంట్రాక్టరుదే. ఏం చేస్తాం? పుట్టింటి తలుపుల్ని ఆరువేలిచ్చి నేనే కొనుక్కున్నాను. సింహద్వారం, రెండు కిటికీలు, టేకు వాసాలు, దూలం. పెంకులూ ఇటికలూ మాత్రం ఊరికే పట్టుకెళ్ళమన్నాడు.

ఇలాంటి పని పెట్టుకోవాలనుకునేవారికి నా అనుభవంలో తెలిసినవి నాలుగు ముక్కలు చెబుతాను.

పాత ఇటికలన్నీ ఒకటి కావు. మట్టితోనో సున్నంతోనో కట్టిన గోడ ఇటిక తాపీ మొనతో గీకితే శుభ్రమైపోతుంది. సిమెంటుతో కట్టినది గీకబోతే ఇటికే విరుగుతుంది. రెండిటికలు ఒకదానికొకటి తాకించి చూడండి. ఖంగుమంటే మంచిది, డబ్‌మంటే పక్కన పడేయండి. కట్టేముందు నీళ్ళలో నానబెట్టడం మర్చిపోవద్దు. లేకపోతే సిమెంటులో తడిని ఇటికే తాగేస్తుంది. ఇంకోమాట... పోగుపెట్టిన ఇటికల్ని ఉత్తచేతుల్తో తియ్యకండి. మా కుప్పలో మూడు తేళ్ళు బయటపడ్డాయి!

కలప కొనేముందు స్క్రూడ్రైవరుతో అక్కడక్కడా పొడిచి చూడాలి. పైకి నున్నగా ఉన్న వాసం లోపల చెద తిని డొల్లయి ఉండొచ్చు. మా వాసాల్లో నాలుగు అలా పోయాయి. రంపం పెట్టేముందు మేకులన్నీ పీకాలి. ఒక్క మేకు మిగిలినా రంపం పళ్ళు పోతాయి. స్తంభాల్ని మట్టిలో పాతకుండా రాతి దిమ్మెల మీద నిలబెట్టించాం. తడీ చెదా నేల నుంచే ఎక్కుతాయి మరి.

పాత తలుపుల రంగుతో జాగ్రత్త! మా సింహద్వారానికి ఆకుపచ్చ రంగు పొరలు పొరలుగా ఉంది. వెనకటి రంగుల్లో సీసం ఎక్కువగా కలిసేది. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు మించకూడదన్న నిబంధన మనదేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. సీసం దుమ్ము పిల్లల మెదడుకి చెరుపు. అందుకని కాల్చడం, పొడిగా గీకడం మానేసి, నీళ్ళు చల్లుకుంటూ గరుకు కాగితంతో రుద్దాం. మూతికి మాస్కు కట్టుకుని, పిల్లల్ని ఆ రోజు గుమ్మం దాటనివ్వలేదు. వచ్చిన మడ్డిని గుడ్డతో తుడిచి మూటగట్టి పారేశాం.

"పాత సిమెంటు రేకులున్నాయి, ఊరికే ఇస్తాం" అన్నారు ఎవరో. వద్దన్నాను. ఆ పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కోసినా విరిగినా లేచే దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సరుకి దారితీస్తుంది. ఊరికే వచ్చేవన్నీ చవక కాదు!

పాత సామానుతో కట్టడమంటే చిన్నచూపు చూసేవాళ్ళున్నారు. మా వీధిలోనూ "పాకలు వేసుకునే రోజులొచ్చాయా?" అన్నవాళ్ళున్నారు. కేరళలో స్థిరపడిన ఇంగ్లండు ఆర్కిటెక్టు లారీ బేకర్ కూల్చిన ఇళ్ళ తలుపులూ కిటికీలూ తెచ్చి కొత్త ఇళ్ళకి పెట్టేవారు. 2007లో కన్నుమూసేదాకా ఆయన చెప్పింది పొదుపు గురించే. చండీగఢ్‌లో నేక్‌చంద్ అనే ప్రభుత్వోద్యోగి పగిలిన గాజులు, పింగాణీ పెంకులు పోగేసి చాటుగా కట్టిన తోటని 1976లో జనం కోసం తెరిచారు. అదే రాక్ గార్డెన్. ఇక మన కొండపల్లి ఎంత దూరం? అక్కడి ఇళ్ళల్లో మగవాళ్ళు తెల్లపొణికి చెక్కుతుంటే ఆడవాళ్ళు రంగులేస్తారు. చింతగింజల పొడి, రంపం పొట్టు కలిపి నూరిన మక్కుతో బొమ్మకి చేతులూ కాళ్ళూ అతుకుతారు. రంపం పొట్టునే వృథా పోనివ్వని ఊరు పక్కన పెట్టుకుని మనకి నామోషీ ఎందుకండీ?

ఇనప యాంగిలర్లు విజయవాడ ఆటోనగర్‌లో పాతవి దొరికాయి. అత్తయ్యగారి పాత కుట్టుమిషను స్టాండు మీద చెక్క బిగించి బల్ల చేయించాం. నాన్నగారు కూర్చుని పనిచెయ్యాలి కనుక ఎత్తు ఇరవయ్యెనిమిది అంగుళాలే. మామిడిపండ్ల పెట్టెల చెక్కలు అరలయ్యాయి. గోడ నాలుగడుగులే కట్టి, పైన వెదురు తడికలు పెట్టించాం. మా ఊరి ఎండలకి గాలి ఆడకపోతే ఎవరు కూర్చుంటారు చెప్పండి? కరెంటు మాత్రం పాత వైర్లతో కానిచ్చెయ్యలేదు. కొత్త వైరు, ఎర్తు పెట్టించాం.

అంతా సవ్యంగా జరిగిందనుకుంటున్నారేమో! పొరపాటు నాదే. జామచెట్టు కొమ్మ నరకడం ఇష్టంలేక కప్పు నడిమి ఎత్తు తగ్గించమన్నాను. మంచం మీద నుంచే నాన్నగారు, "వాలు చాలదమ్మాయ్. పెంకు మీద నీళ్ళు పరిగెత్తాలి, నడవకూడదు" అన్నారు. వినలేదు. మొదటి జల్లుకే బల్ల మీద ధారలు! మర్నాడు పెంకులన్నీ దింపి, దూలం ఎత్తి, మళ్ళీ పరిచాం. కొమ్మ కొట్టక తప్పలేదు.

అయితే ఆ రోజే ఇంకోటి జరిగింది. మేస్త్రీ మళ్ళీ వాలు తప్పుతాడేమోనని నాన్నగారు చేతికర్ర పట్టుకుని పెరట్లోకి వచ్చారు. మా ఇంటికొచ్చాక ఎవరూ పిలవకుండా ఆయన బయటికి రావడం అదే మొదలు. కుర్చీ వేయించుకుని సాయంత్రం దాకా కూర్చున్నారు. తిట్టారు కూడా. ఆ తిట్లు వింటుంటే నాకెంత హాయిగా ఉందో!

లెక్క చెప్పలేదు కదూ? కలపకి 6,000, సిమెంటూ ఇసకా 5,800, ట్రాక్టరు 3,000, ఇనుముకి 2,900, తొమ్మిది రోజుల కూలి 15,300. మొత్తం 33,000 రూపాయలు. కరెంటు పని వేరే. సామాను పాతదైనా మనిషి కష్టం పాతది కాదు. ఖర్చులో దాదాపు సగం కూలికే పోయిందని గుర్తుంచుకోండి.

ఉలులకి కిరసనాయిలు పూసి తుప్పు వదిలించాను. ఎడమచేత్తో సానరాయి మీద పదును పెట్టడం ఆయన నేర్చుకున్నారు. కుడిచెయ్యి పూర్వంలా వస్తుందని నేను చెప్పను. చిత్రిక నేనే తోస్తాను. ఆయన ముక్కని అదిమి పట్టుకుని, "మొనలో ఒత్తకు, చివర్లో ఒత్తు" అంటుంటారు. పాతికేళ్ళ క్రితం అన్నయ్యకి నేర్పినవన్నీ ఇప్పుడు నాకు నేర్పుతున్నారు. అప్పుడు నన్నెందుకు పిలవలేదని అడిగితే నవ్వి ఊరుకున్నారు.

పోయిన నెల పక్కింటివాళ్ళ మడతకుర్చీ కాలు విరిగితే ఇద్దరం కలిసి బాగుచేశాం. వద్దంటున్నా వాళ్ళు యాభై రూపాయలు చేతిలో పెట్టి వెళ్ళారు. నాన్నగారు ఆ నోటు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టారు.

"షెడ్డుకి అద్దె" అన్నారు.

వద్దనబోయి ఆగాను. తీసుకుని పోపులడబ్బాలో దాచాను. ఆ రోజు నుంచీ "ఎన్నాళ్ళని" అన్న మాట నేను మళ్ళీ వినలేదు.