నిస్తంత్రీ జాలము – వైఫై పనిచేయు విధము

వైఫై యను మాట నెరుగని విద్యార్థి నేడు మన చోడవరమున గానరాడు. అయినను, ఇంటిలో నలుగురకు చక్కగా నుపయోగపడు వైఫై, పాఠశాలలో నలువదిమంది ఒక్కమారు వాడినంతనే యేల మందగించునో చెప్పగలవారు కొలదిమంది. "ఇంకను బలమైన పేటికను గొన్నచో చాలదా?" యని తలిదండ్రు లడుగుచుందురు. చాలదు. ఏల చాలదో తెలుపుటయే మా యుద్దేశము.

యాక్సెస్ పాయింటు అను పేటికకును మన ఫోనునకును నడుమ సమాచారమును మోయునవి రేడియో తరంగములు. అవి సెకనునకు సుమారు 240 కోట్ల మారులు గాని, 500 కోట్లకు పైగా గాని స్పందించును. మొదటివి గోడలను దాటి దూరము పోవును. రెండవవి యంతదూరము పోజాలవు గాని, వానికి మార్గములు, అనగా చానళ్లు, ఎక్కువ.

ఒక చానలులో నొకమారు ఒక్కరే పలుకవలెను. ఇద్దరు కలిసి పలికినచో రెండు మాటలును చెడును. ఈ చిక్కు 1971లో హవాయి ద్వీపములలో నార్మన్ అబ్రామ్సన్ అను ఆచార్యుడును ఆయన సహచరులును నెలకొల్పిన అలోహానెట్ నందే కనబడినది. అందు యంత్రము తోచినపుడు పలికి, జవాబు రానిచో కొంత తాళి మరల పలికెడిది. 1997లో వెలువడిన వైఫై ప్రమాణము ఇంకను మర్యాద నేర్పినది. పలుకుటకు ముందు వినవలెను. ఎవరైన పలుకుచున్నచో ఆగి, పిమ్మట చీటీ తీసినట్లు తనకు వచ్చిన సంఖ్యను లెక్కించి పలుకవలెను. అందినట్లు జవాబు రానిచో, ఇంకను పెద్ద సంఖ్యల నుండి చీటీ తీయవలెను. క్రొత్త యంత్రములు కొన్ని యొకేమారు పలువురతో మాటాడగలిగినను, చానలును పంచుకొనక తప్పదు.

కావున జనము పెరిగినకొలది వేచియుండు కాలము పెరుగును. దూరముననున్న ఫోను మెల్లగా పలుకును గనుక, అందరి కాలమును అదియే హరించును. పేటిక బలమును పెంచిన నేమి ఫలము? గురువు బిగ్గరగా పలికినంతమాత్రమున వెనుకబల్ల బాలుని సన్నని గొంతు ముందునకు వినబడదు గదా! పైగా ఆ ధ్వని ప్రక్కతరగతికి అడ్డు.

సరియైన యుపాయ మేమనగా, గదిగదికి చిన్న పేటిక నుంచి, దాని స్వరమును తగ్గించి, ప్రక్కప్రక్క గదులకు వేర్వేరు చానళ్లనిచ్చుట. 240 కోట్ల వర్గములో ఒకదానితో నొకటి కలియనివి సాధారణముగా 1, 6, 11 అను మూడే. ఈ వర్గమును 2005 నుండి మన దేశమున అనుమతిపత్రము లేకయే వాడవచ్చును గాన, పొరుగింటి పేటికయు అందే పలుకుచుండును. అందుచే పెద్ద పాఠశాలకు రెండవ వర్గము మేలు.

ఈ పేటికలన్నిటిని కేబులుతో స్విచ్చికి గలుపవలెను. తీగలేని జాలము పెరుగుటకు తీగయే యాధారము! 2016 ఏప్రిల్‌లో విశాఖపట్టణము రైలుస్టేషనున రైల్‌టెల్, గూగుల్ సంస్థలు ప్రయాణికులకు వైఫై నిచ్చినపుడు, దానివెనుక నున్నది పట్టాల వెంబడి సాగిన రైల్‌టెల్ వారి గాజుతీగయే.

కావున పాఠశాల ధనమును వెచ్చించునపుడు, పేటిక వెలకంటె ముందు గదులను, జనమును, తీగలను లెక్కింపవలెను. విద్యార్థులారా! పాఠమువేళ మీరు చూచు ఒక్క చలనచిత్రము ప్రక్కవాని వంతును గైకొనునని మరువకుడు.