మాత్ర ఎందుకో రోగికీ తెలియాలి

స్కిజోఫ్రీనియా వంటి సైకోసిస్ జబ్బుల్లో రోగికి లేని మాటలు వినిపిస్తాయి, ఎవరో కీడు తలపెట్టారన్న అనుమానం పీడిస్తుంది. 1952లో క్లోర్‌ప్రోమజైన్‌తో మొదలైన మందులు వీటిని చాలామందిలో అదుపు చేస్తున్నాయి. ప్రధానంగా మెదడులో డోపమైన్ జోరుకు అడ్డుకట్ట వేయడం వాటి పని. అయినా మధ్యలో మానేసేవాళ్లు ఎందరో. తనకు జబ్బే లేదనుకోవడం ఈ జబ్బు లక్షణమే కావచ్చు. కానీ ఆ మాత్ర ఎందుకో రోగిని కూర్చోబెట్టి ఎవరూ చెప్పకపోవడమూ పెద్ద కారణమే.

ముందుగా చెప్పాల్సింది ఎన్నాళ్లన్నది. నిద్ర కొద్ది రోజుల్లోనే కుదుటపడవచ్చు. అనుమానాలు తగ్గడానికి వారాలు పడుతుంది. మందు ఆపినా జబ్బు మర్నాడే తిరగబెట్టదు. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు హాయిగానే గడుస్తాయి. ‘చూశారా, మందు లేకుండానే బాగున్నాను’ అని రోగి అనేది అప్పుడే. అందుకే మొదటిసారి జబ్బుపడి కోలుకున్నవారికి కూడా సాధారణంగా ఏడాది, రెండేళ్లు మందు వాడమంటారు. ఇవి మత్తుమందుల్లా వ్యసనం కావని కూడా చెప్పాలి.

దుష్ఫలితాలను దాచకూడదు. హాలోపెరిడాల్‌తో చేతులు వణకవచ్చు, ఒళ్లు బిగుసుకుపోవచ్చు. కొందరు ఒకచోట కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతుంటారు; జబ్బు ముదిరిందని ఇంట్లోవాళ్లు పొరబడతారు. మోతాదు తగ్గిస్తేనో, మందు మారిస్తేనో ఇది తగ్గుతుంది. ఒలాంజపైన్‌తో ఆకలి, బరువు పెరుగుతాయి, షుగర్ రావచ్చు. రిస్పెరిడోన్‌తో నెలసరి తప్పవచ్చు, మగవారికి దాంపత్యంలో ఇబ్బంది కలగవచ్చు. ఈ సంగతి నోరు విడిచి చెప్పలేక మందే మానేస్తారు కాబట్టి డాక్టరే అడగాలి. క్లోజపైన్ వాడేవారికి మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష తప్పదు. జ్వరం, గొంతునొప్పి వస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి.

చెప్పడమంటే చీటీ చదివి వినిపించడం కాదు. మాత్రల అట్ట చేతికిచ్చి, ఏది ఎప్పుడు, ఎందుకు వేసుకోవాలో రోగి మాటల్లోనే తిరిగి చెప్పించాలి. రోజూ మాత్ర మింగడం కష్టమైతే నెలకోసారి వేసే ఇంజెక్షన్లూ ఉన్నాయని తెలపాలి.

తెలియకుండా అన్నంలో మాత్ర కలిపి పెట్టే ఇళ్లున్నాయి. అది బయటపడిన రోజు, తిండిలో ఏదో కలుపుతున్నారన్న రోగి అనుమానం నిజమైపోతుంది. ఆ తర్వాత అన్నమూ ముట్టడు, మందూ ముట్టడు.

జబ్బేమిటో, చికిత్స ఏమిటో, దాని దుష్ఫలితాలేమిటో తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఇచ్చింది. డాక్టరును అడగడానికి మొహమాటపడకండి. సలహా కావాలంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.