మాల్దీవుల జలాల్లో అక్రమ చేపలవేట: సైనిక సహకారానికి హద్దులు

మాల్దీవుల నేల సుమారు 300 చదరపు కిలోమీటర్లు. ప్రత్యేక ఆర్థిక మండలం దాదాపు 9 లక్షలు. గాలంతో ట్యూనా పట్టే ఆ దేశపు జాలరులకు అనుమతిలేని పరదేశపు పడవలు జీవనోపాధికే ముప్పు. ఇంతటి సముద్రాన్ని కాయడానికి సొంత నౌకలు చాలవు. నిఘాకు తోడ్పాటుగా భారతదేశం 2006లో ఐఎన్ఎస్ తిల్లాంచాంగ్‌ను ఇచ్చింది. అక్కడ ‘హురవీ’గా పనిచేసిన ఆ నౌక 2023 మేలో తిరిగివచ్చి, డిసెంబరులో విశాఖపట్నంలో ‘తర్ముగ్లి’ పేరుతో మన నౌకాదళంలో చేరింది.

నౌక చేతులు మారినంత సులువుగా అధికారం మారదు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలోని 73వ అధికరణం ప్రకారం, తన మండలంలో పడవ ఎక్కి తనిఖీ చేసే, పట్టుకునే హక్కు తీరదేశానిదే. అందువల్ల మిత్రదేశపు నౌక గస్తీ తిరిగినా, చర్యకు తీరదేశపు సమ్మతి కావాలి. ఆచరణలో ఆ దేశపు అధికారిని నౌకపై వెంటబెట్టుకుంటారు. తమ మండలంలో తమ చేపల పడవలను భారత తీర రక్షక దళం తనిఖీ చేసిందంటూ 2024లో మాల్దీవులు వివరణ కోరింది ఈ హక్కు ఆధారంగానే.