42వ రోజు

అయ్యప్ప మాల వేసుకున్న క్షణం నుంచి మందు ముట్టనివాళ్లు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ 41 రోజుల దీక్షలో వాళ్ల ఒంట్లో, ఇంట్లో వచ్చే మార్పు చిన్నది కాదు. మాల తీశాక దాన్ని ఎందుకు పోగొట్టుకోవాలి?

కార్తికం వచ్చిందంటే తెల్లవారుజామున వీధి తీరే మారిపోతుంది. నాలుగున్నరకే చన్నీళ్ల చప్పుడు, శరణుఘోష. మొన్నటిదాకా చీకటిపడితే వైన్స్ దగ్గర కనిపించిన మనిషి నల్లబట్టల్లో దీపం వెలిగిస్తుంటాడు. నిన్న ‘ఒరేయ్’ అన్న స్నేహితుడే ఇవాళ ‘స్వామీ’ అంటాడు. ‘ఏడాదంతా మాల ఉంటే బాగుండు’ అని ఇంటావిడ మనసులో అనుకుంటుంది.

ఇరుముడి కొండకు చేరుతుంది. మాల తీస్తారు. కొందరి బండి తిరుగు దారిలో కనిపించిన మొదటి వైన్స్ దగ్గరే ఆగుతుంది. అప్పటికి ఆ మనిషి ఎంత సంపాదించుకున్నాడో తెలిస్తే, అక్కడ దిగడానికి కాలు రాదు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మందు కడుపులో పడగానే కాలేయం మిగతా పనులు పక్కనపెట్టి ముందు దాన్ని వదిలించుకునే పనిలో పడుతుంది. రోజూ ఇదే తంతయితే కొవ్వు పేరుకుపోతుంది. మందు ఆపితే, కాలేయం ఇంకా గట్టిపడని దశలో, ఆ కొవ్వు కొన్ని వారాల్లోనే తగ్గుముఖం పడుతుంది.

‘రెండు పెగ్గులు పడితేగానీ నిద్ర రాదు’ అనేవాళ్లున్నారు. మందు తొందరగా నిద్రపుచ్చే మాట నిజమే. కానీ కలలొచ్చే నిద్రను కోసేసి, అర్ధరాత్రి దాటాక మెలకువ తెప్పిస్తుంది. మానేసిన కొత్తలో కొన్నాళ్లు పక్క మీద దొర్లాల్సి రావచ్చు. చాలామంది అక్కడే ఓడిపోతారు. ఓపిక పట్టినవాళ్లు కొన్ని వారాలకు, అలారం మోగకముందే తేలికైన తలతో లేవడం ఎలా ఉంటుందో తెలుసుకుంటారు.

ఇక పొట్ట సంగతి. ఒక గ్రాము ఆల్కహాల్‌లో 7 క్యాలరీలుంటాయి. క్వార్టర్ విస్కీ అంటే 400 క్యాలరీలకు పైమాటే. దాంతోపాటు వచ్చే చికెన్ పకోడీ, వేయించిన పల్లీల లెక్క వేరే.

లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రి పరిశోధకులు నెలపాటు మందు మానేసిన 94 మందిని పరీక్షించి, ఫలితాలను 2018లో ప్రచురించారు. బరువు సగటున 1.5 శాతం, రక్తపోటు 6 శాతం తగ్గాయి. మధుమేహానికి దారితీసే ఇన్సులిన్ నిరోధకత పావువంతు తగ్గింది. తిండీ వ్యాయామం పెద్దగా మార్చుకోకుండానే, ఒక్క నెలలో వచ్చిన ఫలితమిది.

ఇంట్లో, జేబులో

రోజుకు 200 రూపాయలే అనుకున్నా 41 రోజులకు 8,200. ఏడాదికి 73,000. ఒక పిల్లవాడి చదువు గడిచే డబ్బు.

డబ్బుకు అందని లెక్క మరోటుంది. తాగే నాన్న ఉన్న ఇంట్లో పిల్లలు గేటు చప్పుడునూ నడకనూ బట్టే ఈ రాత్రి ఎలా ఉండబోతోందో పసిగడతారు. దీక్ష రోజుల్లో ఆ చెవులకు విశ్రాంతి. రాత్రి ఏమన్నామో, ఎవరికి ఫోన్ చేశామో గుర్తులేక పొద్దున్నే ముఖం చాటేసే అవస్థ ఉండదు. అన్న మాటలన్నీ గుర్తుండటం, ఇచ్చిన మాట మీద నిలబడగలగడం మనిషికి ఎంత గౌరవమో కోల్పోయినవాళ్లకే తెలుసు.

మాల చేసిన పని

భక్తులకు భక్తే బలం. దాంతోపాటు మాల మరో నాలుగు పనులు చేస్తుంది. ‘ఒక్క పెగ్గేరా’ అని బలవంతపెట్టే నోళ్లు మూయిస్తుంది. ఖాళీ సాయంత్రాన్ని పూజతో, భజనతో నింపుతుంది. సిట్టింగ్ జట్టు బదులు తాగని జట్టును ఇస్తుంది. ఫలానా రోజుదాకా అని ఒక గడువు పెడుతుంది.

మాల వేసుకోని మగవాళ్లూ, మందు అలవాటున్న ఆడవాళ్లూ ఈ నాలుగింటినీ సమకూర్చుకోవచ్చు. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాల్లో మందు మానేసే క్రైస్తవులూ మనలో ఉన్నారు. మానేస్తున్నానని నలుగురికీ చెప్పండి. ఏడు నుంచి తొమ్మిది దాకా ఏం చేయాలో ముందే అనుకోండి. కొన్నాళ్లు సిట్టింగ్ జట్టుకు దూరంగా ఉండండి. క్యాలెండర్‌లో ఒక తేదీకి సున్నా చుట్టండి.

ఒంటరిగా ఆపొద్దు

రోజూ ఎక్కువగా తాగేవాళ్లు, పొద్దున మందు పడకపోతే చేతులు వణికేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు. రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించి వినిపించవచ్చు. వీళ్లు ముందు డాక్టర్ని కలవాలి. ఔషధాలతో, బి1 విటమిన్‌తో సురక్షితంగా మాన్పిస్తారు. డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కీ, టెలీ మానస్ 14416కీ ఫోన్ చేయొచ్చు. మాల వేసుకునేముందు కూడా ఈ జాగ్రత్త తప్పదు.

ఆ తర్వాత?

బ్రిటన్‌లో జనవరి నెలంతా మందు మానేసే అలవాటు చాలామందికి ఉంది. అలా మానేసినవాళ్లను ససెక్స్ విశ్వవిద్యాలయం ఆగస్టులో మళ్లీ పలకరించింది. అంతకుముందు వారానికి సగటున 4.3 రోజులు తాగేవాళ్లు 3.3 రోజులకు తగ్గారు. గడువు ముగిసి ఏడు నెలలైనా విరామం ఫలితం వాళ్లను వదిలిపోలేదన్నమాట.

మళ్లీ మొదలుపెట్టేవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. విరామం తర్వాత శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. ఒకప్పుడు అలవాటైన క్వార్టరే ఇప్పుడు ప్రమాదం తేవచ్చు. ఆరోగ్యానికి హాని చేయని మోతాదంటూ మందులో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది.

అందుకే మాల తీసే రోజే ఇంకో గడువు పెట్టుకోండి. ఉగాది ఎంతో దూరం లేదు. ‘నావల్ల కాదు’ అనే మాటకు ఇక చోటు లేదు, 41 రోజులు అయ్యాయిగా. 42వ రోజు సాయంత్రం గేటు చప్పుడైనప్పుడు పిల్లలు చెవులు రిక్కించకుండా పరుగెత్తుకొస్తే, ఆ దీక్ష ఇంకా సాగుతున్నట్టే.