మీకు తెలుసా? బాస్ గిటార్ ‘బర్ర్’మంటే తప్పు స్పీకర్‌ది కాకపోవచ్చు

మన ఇంటి కరెంటుకి ఒక స్వరం ఉంది. మన దేశంలో అది సెకనుకు 50 సార్లు ఊగుతుంది. బాస్ గిటార్‌లో అన్నిటికన్నా లావుగా ఉండే ‘ఈ’ తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే వచ్చే ‘జి’ 49 హెర్ట్జ్. తేడా ఒక్క హెర్ట్జే. ఇంట్లో చేసుకున్న ఆంప్లిఫయర్‌లో కరెంటు గుంయ్ ఏ కాస్త ఉన్నా, ఆ ‘జి’ మోగినంతసేపూ శబ్దం సెకనుకోసారి ఉబ్బి తగ్గుతుంటుంది. ‘జి’ తీగని వట్టిగా మీటితే 98 హెర్ట్జ్. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ దాటి వచ్చే గుంయ్ 100. అక్కడ ఊగులాట సెకనుకు రెండుసార్లు. దీన్ని డిస్టార్షన్ అనుకుని స్పీకర్ మార్చేసేవాళ్లున్నారు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి ‘బి ఫ్లాట్‌’కీ ‘బి’కీ నడుమ పడుతుంది. డాలస్‌లో ఉన్న మనవాళ్ల ఆంప్ ఇదే తమాషా వేరే ఫ్రెట్ దగ్గర చేస్తుంది.

ఖాజాగూడ నుంచి నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం దాకా ఉన్న ఫ్లాట్లలో వారమంతా కోడ్ రాసి శనివారం గిటార్ తీసే కుర్రకారు తక్కువేమీ కాదు. వాళ్లలో కొందరికి కొన్న ఆంప్‌తో తృప్తి ఉండదు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్, పన్నెండంగుళాల వూఫర్ తెచ్చుకుంటారు. వడ్రంగి చేత ప్లైవుడ్ కోయించి బాక్స్ బిగిస్తారు. మొదటి స్వరమే బర్రుమంటుంది. బగ్ వస్తే అది ఎప్పుడు వస్తోందో ముందు కనిపెట్టమని ఆఫీసులో జూనియర్లకు చెప్పేది వీళ్లే. ఇంట్లో మాత్రం ముందు స్క్రూడ్రైవర్ తీస్తారు!

నిజానికి సౌండ్ ఎప్పుడు పగులుతోందో వింటే సగం పని అయిపోయినట్టే. మెల్లగా వాయించినప్పుడు గరగరలాడి, గట్టిగా వాయిస్తే సర్దుకుంటోందా? ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లకు బయాస్ చాలడం లేదు. ఏ తీగ మీదైనా సరే, గట్టిగా వాయిస్తేనే పగులుతోందా? ఆంప్ దగ్గరున్న వోల్టేజి అయిపోయింది. కింది స్వరాల్లో మాత్రమే టపటపమంటోందా? కోన్ తన హద్దు దాటుతోంది. ఒకే ఒక్క స్వరం దగ్గర అయితే బాక్సులోనో గదిలోనో ఏదో అదురుతోంది. వాల్యూం ఎంత తగ్గించినా అదే గీరుడు వినిపిస్తే వాయిస్ కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటోంది. ఈ చివరిది చేత్తోనే తెలుస్తుంది. ఆంప్ ఆపేసి, కోన్ మీద చుట్టూ వేళ్లు సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి. గరుగ్గా తగిలితే ఆ స్పీకర్ రీకాయిలింగ్‌కి పోవాల్సిందే.

అంతకంటే ముందు ఒక చిన్న అనుమానితుడున్నాడు. యాక్టివ్ పికప్పులున్న బాస్ గిటార్ కడుపులో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. దానికి వేరే స్విచ్ ఉండదు. కేబుల్ జాక్ గుచ్చగానే ఆన్ అవుతుంది, పీకితేనే ఆఫ్. రాత్రంతా జాక్ వదిలేస్తే బ్యాటరీ నీరసపడుతుంది, తర్వాత సౌండ్ అచ్చం ఆంప్ పాడైనట్టే పగులుతుంది. కేబుళ్ల సంగతీ చూడాలి. గిటార్‌కి వాడే షీల్డ్ కేబుల్‌ని ఆంప్ నుంచి స్పీకర్‌కి వాడకూడదు. జాకులు ఒకేలా కనిపిస్తాయి గానీ లోపలి తీగ సన్నం.

ఇక వాట్ల సంగతి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చదవండి. బోర్డు డబ్బా మీద ‘1000 వాట్లు పీఎంపీవో’ అని ఉంటుంది. ఆ అంకెను పక్కన పెట్టి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏం రాసుందో చూడండి. 12-0-12 అని ఉంటే, 12ని 1.414తో గుణించండి. 17 వోల్టులు వస్తాయి. డయోడ్లు కొంత, ఔట్‌పుట్ దశ కొంత మింగేస్తే స్పీకర్‌కి చేరే శిఖర వోల్టేజి 14 అనుకుందాం. 14ని 14తో గుణించి, స్పీకర్ ఓమ్‌లకు రెట్టింపుతో, అంటే 8 ఓమ్‌ల స్పీకరైతే 16తో భాగించండి. 12 వాట్లు! వెయ్యి వాట్ల బోర్డు నుంచి శుభ్రంగా వచ్చేది అంతే. 24-0-24 పెట్టి 30 వోల్టులు చేరితే 56 వాట్లు వస్తాయి. మన మెకానిక్కులకు చిరకాల నేస్తమైన 4440 ఐసీని బ్రిడ్జ్ పద్ధతిలో వాడినా 19 వాట్లే. అది కారు స్టీరియోల కోసం పుట్టిన చిప్. పాట వినడానికి బంగారం లాంటిది, బాస్ గిటార్ తీగని లాగి కొట్టే దెబ్బకి మాత్రం నిలవదు.

ఆ 12 వాట్లు చాలక నాబ్ చివరిదాకా తిప్పితే ఏమవుతుంది? ధ్వని తరంగం నెత్తి కోసేసినట్టు చదునవుతుంది. దీన్ని క్లిప్పింగ్ అంటారు. అదే శిఖర వోల్టేజితో పూర్తిగా చదునైన చతురస్ర తరంగంలో, శుభ్రమైన తరంగంలో ఉన్నదానికి రెట్టింపు పవర్ ఉంటుంది. చిన్న ఆంప్ పెట్టాను కదా, స్పీకర్‌కి ఢోకా లేదు అనుకునేవాళ్ల కాయిల్ కాలేది ఇక్కడే. పెద్ద ఆంప్‌ని సగం నాబ్‌లో వాడటం చిన్న ఆంప్‌ని చివరి నాబ్‌లో వాడటం కన్నా క్షేమం.

వాట్లు పెంచితే సౌండ్ ఆ లెక్కన పెరగదు కూడా. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్లు వాట్లు కావాలి. పైగా మన చెవికి కింది స్వరాలంటే చిన్నచూపు. 1000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్స్‌తో వినిపించే మోతే 40 హెర్ట్జ్ దగ్గర వినిపించాలంటే 80 డెసిబెల్స్ దాటాలి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు అమెరికన్లు చెవి వేసే ఈ ఎక్కువ తక్కువ లెక్కల్ని 1933లోనే గీతలు గీసి చూపించారు. సాధారణ గిటార్‌కి సరిపోయిన ఆంప్ బాస్‌కి ఎందుకు చాలదో ఇందులోనే ఉంది.

కోన్ కష్టం ఇంకో రకం. ఒకే మోత రావాలంటే స్వరం ఒక స్థాయి కిందికి దిగిన ప్రతిసారీ కోన్ నాలుగు రెట్లు దూరం కదలాలి. ‘జి’ తీగ 98 హెర్ట్జ్ దగ్గర కోన్ ఒక మిల్లీమీటర్ కదిలిందనుకోండి. ‘ఈ’ తీగ 41 హెర్ట్జ్‌కి దాదాపు 5.7 మిల్లీమీటర్లు కదలాలి. ఐదు తీగల బాస్‌లో అడుగున ఉండే ‘బి’ 31 హెర్ట్జ్. దానికి 10 మిల్లీమీటర్లు! చౌక వూఫర్లలో చాలావాటికి అంత దూరం పోయే శక్తి లేదు. కాయిల్ అయస్కాంతపు సందులోంచి బయటికొచ్చేస్తుంది, స్వరం బదులు టప్ టప్ వినిపిస్తుంది. గాలి రంధ్రం ఉన్న పోర్ట్ బాక్స్ అయితే మరీ అన్యాయం. పోర్ట్‌ని ఏ స్వరానికి ట్యూన్ చేశారో దానికంటే కిందికి దిగితే బాక్సులోని గాలి కోన్‌కి ఆసరా ఇవ్వడం మానేస్తుంది. 45 హెర్ట్జ్‌కి చేసిన బాక్సులో ఆ ‘బి’ వాయించి స్పీకర్‌ని తిట్టడం న్యాయం కాదు.

మరి ఏ స్పీకర్‌కి ఎంత బాక్స్? ఒకప్పుడు ఇదంతా ఉజ్జాయింపు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో ఒక పద్ధతి చెప్పాడు, రిచర్డ్ స్మాల్ 1970లలో దాన్ని పూర్తి చేశాడు. ఇవాళ స్పీకర్ డేటాషీట్‌లో కనిపించే ఎఫ్ఎస్, వీఏఎస్, క్యూటీఎస్ అంకెలు వాళ్ల పేరు మీదివే. ఈ మూడూ తెలిస్తే ఉచిత సాఫ్ట్‌వేర్ నిమిషంలో బాక్స్ కొలత చెబుతుంది. ఈ మూడూ చెప్పలేని దుకాణంలో వూఫర్ కొనకండి. కారు సబ్‌వూఫర్ చవగ్గా దొరికిందని తెచ్చుకోవడం కూడా వద్దు. మైక్‌సెట్ల కోసం చేసిన వూఫర్‌తో పోలిస్తే చాలా కారు వూఫర్లు ఒక వాట్‌కి పది డెసిబెల్స్ దాకా తక్కువ పలుకుతాయి. అంటే అదే మోతకి పది రెట్ల ఆంప్ కావాలి.

కోన్‌ని కాపాడే సులువైన మార్గం ఒకటుంది. ఆంప్ ముందు 35 హెర్ట్జ్ ప్రాంతంలో, దానికంటే కిందివాటిని ఆపే హైపాస్ ఫిల్టర్ పెట్టండి. బాస్ పోదా అంటారా? ఇళయరాజా పాటల్లో బాస్ గిటార్‌ని మనం మొదట విన్నది చిన్న రేడియోలలో, టేప్‌రికార్డర్లలో. అరచేతి వెడల్పు స్పీకర్ 41 హెర్ట్జ్ పలికే ప్రసక్తే లేదు. అది పలికేవి 82, 124, 165 దగ్గరి పై హార్మోనిక్స్. అవి విని, అడుగున ఉండాల్సిన స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది.

బాక్స్ అదిరితే కనిపెట్టడానికి మన పూజగదిలోనే పరికరం ఉంది. ఫోన్‌లో టోన్ జనరేటర్ పెట్టి 30 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుతూ, వెలిగించిన అగరుబత్తిని బాక్స్ అంచుల వెంట నడపండి. పొగ వణికిన చోట గాలి లీకవుతోంది. అక్కడ ఫెవికాలో సిలికానో పూయండి. లీకు లేకపోయినా బర్రుమంటుంటే ప్లైవుడ్‌నే అనుమానించాలి. చౌక ప్లైలో పొరల మధ్య ఖాళీలుంటాయి, అవి సొంతంగా మోగుతాయి. 18 మిల్లీమీటర్ల మంచి ప్లై తీసుకుని, ఎదురెదురు పలకల మధ్య అడ్డకర్ర వేయిస్తే సగం అదురు పోతుంది. ఖాజాగూడ గుట్టల గ్రానైట్‌తో కడితే అస్సలు అదరదు. కానీ స్టేజీ దాకా మోసేదెవరు? పైగా ఆ గుట్టల్ని ఇప్పటికే కావలసినంత కొట్టేశారు. రెండు స్పీకర్లున్న బాక్సులో బాస్ పల్చగా ఉంటే పెన్సిల్ సెల్‌ని వైర్లకు ఒక్క క్షణం తాకించి చూడండి. ఒక కోన్ ముందుకీ ఇంకోటి వెనక్కీ పోతే, ఒకదాని వైర్లు తిరగేయాలి.

తరంగం చదునవడాన్ని కళ్లారా చూసేందుకు సొంత ఆసిల్లోస్కోప్ లేదని దిగులక్కర్లేదు. రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ ఇలా వస్తువులు తయారు చేసుకునేవాళ్ల కోసమే పెట్టిన ప్రభుత్వ సంస్థ. ఖాజాగూడ నుంచి కూతవేటు దూరం.

బాక్స్ బాగానే ఉండి గది మోసం చేయడం కూడా ఉంది. ఎదురెదురు గోడల మధ్య పదడుగులుంటే ఆ గది 56 హెర్ట్జ్ దగ్గర తనంతట తానే మోగుతుంది. బాస్ ‘ఏ’ తీగ 55 హెర్ట్జ్. పది బై పన్నెండు బెడ్‌రూంలో ‘ఏ’ ఒక్కటే గుమ్మంటోందంటే ఆంప్ విప్పకండి, బాక్సుని మూలనుంచి జరపండి. కిటికీ స్లైడింగ్ అద్దాన్ని, బీరువా తలుపునీ ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. పక్క ఫ్లాట్ వాళ్ల ఓపికకీ హద్దుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 అయ్యాక హెడ్‌ఫోన్సే దిక్కు.

పగిలిన బాస్ సౌండ్ ఒకసారి లోకానికి కొత్త పరికరాన్నే ఇచ్చింది. 1960 చివర్లో నాష్‌విల్‌లో గాయకుడు మార్టీ రాబిన్స్ ‘డోంట్ వర్రీ’ రికార్డ్ చేస్తుండగా గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న ఆరు తీగల బాస్ ఒక్కసారిగా బరబరలాడింది. మిక్సింగ్ బల్లలో ఒక ఛానల్ పాడైంది. బాగుందని అలాగే ఉంచేశారు, 1961లో పాట హిట్టయింది. ఇంజనీర్ గ్లెన్ స్నాడీ ఆ లోపాన్నే కావాలని పుట్టించే సర్క్యూట్ తయారు చేశాడు. గిబ్సన్ కంపెనీ 1962లో దాన్ని ‘మాస్ట్రో ఫజ్-టోన్’ పేరుతో పెడల్‌గా అమ్మింది. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’ మొదట్లో వినిపించేది అదే. మీ ఆంప్ బరబర మీకు నచ్చితే దాచుకోండి, తప్పులేదు.

చేయకూడని తప్పు మాత్రం ఒకటుంది. గుంయ్ పోతుందని కొందరు మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరిచేస్తారు. నిజంగానే గుంయ్ తగ్గుతుంది. కానీ ఆంప్ బాడీకి ఫేజ్ తగిలిన రోజున ఆ కరెంటు గిటార్ లోహపు తీగల్లోంచి నేరుగా మీ వేళ్లలోకి వస్తుంది. గుంయ్ తగ్గించాలంటే గ్రౌండ్ వైర్లన్నీ ఒకే చోట కలపండి, ట్రాన్స్‌ఫార్మర్‌ని ఇన్‌పుట్ జాక్‌కి దూరంగా పెట్టండి. కొత్త ఆంప్‌ని మొదటిసారి 100 వాట్ల బల్బు వరుసలో పెట్టిన సిరీస్ బోర్డు మీదే ఆన్ చేయండి. బల్బు వెలిగి ఆరకుండా అలాగే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టే. స్పీకర్ తగిలించేముందు మీటర్‌తో ఔట్‌పుట్‌లో డీసీ చూడండి. పదుల మిల్లీవోల్టులు దాటి వోల్టుల్లో కనిపిస్తే స్పీకర్ పెట్టొద్దు. ఎర్త్ పిన్ జోలికి మాత్రం ఎప్పుడూ పోకండి.